స్నేహయాత్రకు వెళ్లేవారికి విడ్డూరపు సలహాలు

రోటరీలో ఫ్రెండ్‌షిప్ ఎక్స్ఛేంజ్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒక రోటరీ జిల్లా నుంచి కొందరు సభ్యులు, చాలాసార్లు జంటలుగా, మరో దేశంలోని జిల్లాకు వెళ్తారు. విమానం టికెట్టు, వీసా, బీమా ఎవరి ఖర్చు వారిదే. చేరాక బస, భోజనం అక్కడి సభ్యుల ఇళ్లలో. తర్వాత వాళ్లు మన దగ్గరికి వచ్చి మన ఇళ్లలో ఉంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం క్లబ్బులు ఉన్న 3020 జిల్లాలోనూ ఇలాంటి ప్రయాణం మాట రాగానే నలువైపుల నుంచీ సలహాలు మొదలవుతాయి. అవన్నీ టూరిస్టులకు పనికొచ్చేవి. మీరేమో చుట్టపుచూపుగా వెళ్తున్నారు. అందుకే వాటిని తిరగేసి చెబుతున్నాను. వినడానికి విడ్డూరంగా ఉంటాయి గానీ ఇందులో ఒక్కటీ వేళాకోళానికి రాసింది కాదు.

మన వాళ్లందరినీ ఒకే ఇంట్లోనో, పక్కపక్క ఇళ్లలోనో పెట్టమని అడగకండి. వీలైనంత దూరం దూరంగా వేయమనండి. తాడేపల్లిగూడెం జంట ఒక ఊళ్లో, ఏలూరు జంట ఇంకో ఊళ్లో, కైకలూరు వాళ్లు మరో చోట. నలుగురు తెలుగువాళ్లు ఒక గదిలో చేరితే ఇక అక్కడ నడిచేవి ఏలూరు పవర్‌పేట కబుర్లే. రాత్రి భోజనమయ్యాక ఆ ఇంటి పెద్దాయన టీవీ కట్టేసి మీతో మాట్లాడదామని కూర్చునే గంట ఒకటి ఉంటుంది. ఈ యాత్ర ఉన్నదే ఆ గంట కోసం. అప్పుడు మీరు మేడ మీద గదిలో వాట్సాప్ తెరిచి రేపటి షాపింగు సంగతి తేల్చుకుంటుంటే టికెట్టు డబ్బులు దండగ.

ఇంగ్లీషు బాగా వచ్చినవారిని ముందుకు తోయకండి. ప్రతి బృందంలోనూ ఒక లాయరు గారో ప్రిన్సిపాలు గారో అందరి తరఫునా మాట్లాడేస్తారు, మిగతావాళ్లు తలలూపుతారు. డచ్చి వాళ్లకైనా బ్రెజిల్ వాళ్లకైనా ఇంగ్లీషు పరాయిదే. వచ్చీరాని మాటలతో వంటింట్లో ఉల్లిపాయ తరుగుతూ సాగే సంభాషణకు ఏ ఉపన్యాసమూ సాటిరాదు. భార్యల సంగతీ అంతే: రోటరీ 1989లో స్త్రీలకు సభ్యత్వం తెరిచింది. 2022లో జెన్నిఫర్ జోన్స్ దాని తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. మనం ఇంకా సభ్యుల భార్యలను ‘యాన్స్’ అని పిలిచి వెనక వరసలో కూర్చోబెడుతున్నాం. ఈ ప్రయాణంలో వాళ్లనే ముందు నడవనివ్వండి.

పచ్చళ్లు, కారప్పొడులు, కరెంటు కుక్కరు, బియ్యం సంచి ఇంట్లోనే వదిలేయండి. వేసుకునే మందులు, వాటి చీటీ మాత్రం తప్పకుండా పెట్టుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం ఎలాగూ నిషేధం కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి సీసా పట్టుబడితే విమానాశ్రయంలోనే పోతాయి. కానీ వద్దనడానికి అసలు కారణం అది కాదు. మీకేం వండాలా అని ఆ ఇంటావిడ వారం ముందు నుంచీ ఆలోచించి ఉంటుంది. మనింటికొచ్చిన చుట్టం మన పులుసు పక్కకు జరిపి సొంత క్యారేజీ విప్పితే మనకెలా ఉంటుంది? నెదర్లాండ్స్‌లో మధ్యాహ్నం బ్రెడ్డు, చీజుతో సరిపెట్టుకుంటారు. వేడి భోజనం సాయంత్రం ఆరింటికే పెట్టేస్తారు. తొమ్మిదింటికి మళ్లీ ఆకలేస్తుంది. వేయనివ్వండి, రెండు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. శాకాహారులు మాత్రం మొహమాటపడకూడదు. ‘వెజిటేరియన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ వేటికవే పేరుపేరునా రాసి ముందే పంపండి.

చుట్టాలు పని ముట్టుకోకూడదంటారు. ముట్టుకోండి. అక్కడ చాలా ఇళ్లలో పనిమనిషి ఉండదు. గిన్నెలు తుడిచే గుడ్డ అడిగి తీసుకోండి, మీ పక్క మీరే సర్దుకోండి. స్నానాల గది సంగతి మొదటి రోజే సిగ్గుపడకుండా అడిగేయండి. చాలా చోట్ల నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. తెర లోపలే నిలబడి స్నానం చేయాలి, లేకపోతే వాళ్ల చెక్క నేల పాడవుతుంది.

ఈఫిల్ టవరు, లండన్ ఐ రాసుకున్న జాబితా చించేయండి. అవి డబ్బు కడితే ఎవరికైనా చూపిస్తారు. ఇంగ్లండు వెళ్తే సర్రే కౌంటీలోని డోర్కింగ్ తీసుకెళ్లమని అడగండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర చివరి రోజులు గడిపి, 1899లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. అక్కడి శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది. మన కాలువ గట్ల మీది విగ్రహం ఎవరిదో మీ ఆతిథేయులకు చెప్పండి. తమ పక్క ఊరి సమాధి ఇన్ని లక్షల ఎకరాల వరికి సంబంధించిందని వాళ్లకు తెలియకపోవచ్చు.

ఇంకా మంచిది, వాళ్లు పనిచేసే చోటు చూపించమనడం. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో రోటరీ మొదలైంది ఒక మైనింగ్ ఇంజనీరు ఆఫీసు గదిలో. వచ్చినవాళ్లు పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గుల వ్యాపారి, ఒక దర్జీ. తర్వాతి సమావేశాలు వంతులవారీగా ఒక్కొక్కరి పనిచోట జరిగాయి. ఒకరి పని మరొకరు చూడటమే ఆ స్నేహానికి పునాది. గూడెం ఉల్లి వ్యాపారి అక్కడి గిడ్డంగిలో ఒక పూట గడిపితే టవరు ఎక్కినదానికంటే ఎక్కువ చూసినట్టు.

ఇక నాకు అన్నిటికంటే పట్టింపున్న సలహా. క్లబ్బు సమావేశంలో మన ప్రాంతం గురించి మాట్లాడమంటారు. మనవాళ్లు కొల్లేటి గూడబాతులు, తాటిదోనెలు, సూర్యాస్తమయం స్లైడ్లు వేసి కూర్చుంటారు. చెడ్డ సంగతులు చెబితే పరువు పోతుందని భయం. చెప్పండి. కొల్లేరు సరస్సు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిందని చెప్పి ఆగిపోకండి. ఐదో కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యం అయిందనీ, ఆ హద్దు లోపల వందల చేపల చెరువులు తవ్వారనీ, 2006లో వాటి గట్లను యంత్రాలు పెట్టి తెంచారనీ చెప్పండి. గట్టు తెగిన రోజు అప్పుల్లో మునిగిన కుటుంబాలున్నాయి. గట్లు లేచిన చోట నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. రెండూ నిజాలే. మూడో కాంటూరుకు హద్దు తగ్గించమని అడిగేవాళ్లూ, తగ్గిస్తే సరస్సు మిగలదనేవాళ్లూ మన క్లబ్బుల్లో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటారు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. ఆ నీళ్లన్నిటికీ సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే.

ఈ కథ డచ్చి వాళ్లకు చెబితే వాళ్లు నిటారుగా కూర్చుంటారు. వాళ్ల దేశంలో దాదాపు నాలుగో వంతు సముద్ర మట్టానికి కిందే ఉంది. 1932లో గట్టు వేసి ఒక సముద్రపు పాయనే మూసి, తర్వాత అందులో కొంత నేలను ఆరబెట్టి ఒక రాష్ట్రం చేసుకున్నారు. అలా ఆరబెట్టిన నేలలో పరిశ్రమలకని వదిలిన ఒక మూల నీళ్లు నిలిచి, పక్షులు చేరి, అదీ రామ్‌సర్ స్థలమైంది. 1993, 1995 వరదల తర్వాత నదికి చోటు తిరిగి ఇవ్వాలని నిర్ణయించుకుని, ఓవర్‌డీప్ అనే చోట పాడి రైతుల ఇళ్లు పడగొట్టి గట్టు వారగా ఎత్తైన దిబ్బలు పోసి మళ్లీ కట్టించారు. కొందరు రైతులు వేరే చోటికి తరలిపోయారు. ఆ రైతులతో ఏం మాట్లాడారు, పరిహారం ఎలా తేల్చారు, ఎంత కాలం పట్టింది అని అడిగే హక్కు కొల్లేటి మనిషికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. స్లైడ్లు వేసి చప్పట్లు కొట్టించుకుంటే ఆ ప్రశ్నలకు చోటే ఉండదు.

కానుకలు తగ్గించండి. శాలువాలు, గాజు పెట్టెలో మెమెంటోలు అక్కడి ఇళ్లలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటకెక్కుతాయి. ఇంటికొకటి చాలు, అదీ మీరు వివరించగలిగింది. ఏలూరు తివాచీ చిన్న ముక్క తీసుకెళ్తే దాన్ని ఎవరు నేశారో, ఇప్పుడు నేసేవాళ్లు ఎందుకు తగ్గిపోయారో చెప్పండి. నరసాపురం లేసు స్కాట్లండు వాళ్లకు ఇస్తే, ఆ అల్లిక ఇక్కడికి తెచ్చింది అక్కడి మిషనరీ దంపతులేనని మన వైపు చెప్పుకునే మాట కూడా చెప్పండి.

వీసా, బీమా గురించి ఒక్క మాట. షెంజెన్ దేశాలకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆతిథేయుల ఆహ్వాన పత్రం ముందే తెప్పించుకోండి. ఇక్కడ మాత్రం టూరిస్టుల సలహాలే సరైనవి.

తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. వాళ్ల వంతు వస్తుంది. అప్పుడు మనం విజయవాడలో స్టార్ హోటల్ బుక్ చేస్తాం, ‘మన ఇల్లు వాళ్లకేం బాగుంటుంది’ అని. ఆ మాట తప్పు. వాళ్లు తమ పడకగది మనకిచ్చారు. దోమతెర కట్టిన మంచం, కాచి చల్లార్చిన నీళ్లు, కారం తగ్గించిన కూర చాలు. సన్మాన సభ అరగంటలో ముగించండి. తెల్లవారగానే గూడెం ఉల్లిపాయల మార్కెట్టు, ఒక రైస్ మిల్లు, ఏలూరులో కృష్ణా, గోదావరి కాలువలు కలిసే చోటు చూపించండి. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టే శీతాకాలంలో రప్పించండి, తెగిన గట్లు కూడా చూపించండి.

ఏలూరు, గూడెం, కైకలూరు క్లబ్బుల సభ్యులారా, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే మీ పేరు ఇప్పుడే క్లబ్బు సెక్రటరీకి రాసివ్వండి. ఏసీ లేదని ఆగకండి.