ఎండుకొమ్మను కాపాడుకోవడం ఎలా?

పెరట్లో మామిడికి చిటారుకొమ్మ ఎండిందా? కంగారెందుకు! తెగులు పైనుంచి కిందికి నల్లబడుతూ వస్తుంది, మొదలు దాకా దిగాలంటే దానికింకా చాలా దూరముంది. వానలు పోయాక చూద్దామనుకోండి. ఆ తెగులు తెచ్చే బూజుకి తడీ ఉక్కా కలిసొస్తాయంటారు. రానివ్వండి, బెజవాడ ఉక్క మనమొక్కళ్లమే అనుభవించాలా?

పక్కింటి పిన్నిగారు పోరు పెడితే సరిగ్గా ఎండినంత మేరకే కొట్టండి. పచ్చి భాగంలోకి మరో మూడంగుళాలు దిగి కొయ్యాలనీ, కోతలో గోధుమరంగు చార కనిపిస్తే ఇంకా దిగాలనీ నూజివీడు తోటల వాళ్లు చెబుతారు. వాళ్లకేం, చెట్లు బోలెడు. కత్తి తుడవకుండా పక్కనున్న నిమ్మకొమ్మ కూడా కొట్టెయ్యండి. మామిడిని ఎండబెట్టే ఆ బూజు నిమ్మనీ, జామనీ కూడా కాదనదు.

కోసిన చోట బోర్డో పేస్టు పుయ్యమంటారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఫ్రాన్సులో ద్రాక్షపళ్లు దారినపోయేవాళ్లు కోసుకోకుండా రైతులు తీగల మీద చల్లుకునేదాన్ని 1885లో మిలార్డే అనే శాస్త్రవేత్త మందుగా ప్రచారంలోకి తెచ్చాడు. దొంగల్ని తరిమే మందు మనకెందుకు? పైగా తుత్తం ఇనుమును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి. కలిపాక చాకు ముంచి చూడాలి, ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలనట్టు. ఇంత తతంగం దేనికండీ, ఓ పేడముద్ద కొట్టండి! పుండు చల్లగా, తడిగా ఉంటుంది. బూజుకి అంతకన్నా ఏం కావాలి?

మందుల కొట్టుకి కొమ్మముక్క పట్టుకెళ్లకండి. "చెట్టు ఎండిపోతోంది" అంటే చాలు, మూడు డబ్బాలిస్తారు. మూడూ కలిపి కొట్టండి. కాండానికి కన్నం, కింద రంపంపొట్టు కనిపిస్తే అది తొలిచే పురుగు పని. ఆ తేడా తెలిస్తే రెండు డబ్బాలు వృథా అయిపోవూ?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగి తేలిన చెట్టు తలవాల్చిందంటే దాహమే అనుకోండి. నల్లరేగడిలో గాలాడక వేళ్లు కుళ్లుతాయన్నది పుస్తకాల మాట. రెండు బకెట్లు పోసి, గుప్పెడు యూరియా విసిరి, కారు దిగబడకుండా మొదలు దాకా టైల్స్ పరిపించండి.

కొట్టిన కొమ్మల్ని మాత్రం బయట పారెయ్యకండి. చెట్టు కిందే పేర్చిపెడితే భోగిమంటకి పనికొస్తాయి. ఈలోగా వానచినుకులు వాటి మీది బూజును పైకొమ్మలకు చిలకరిస్తూనే ఉంటాయి. పుల్లలు చాలవేమోనన్న బెంగ వద్దు, భోగి నాటికి చెట్టు కూడా సిద్ధంగా ఉంటుంది.