రెండడుగుల బేరం

కొల్లేటి సరస్సు మీద మన నాయకుల ప్రేమ చూస్తే కళ్ళు చెమరుస్తాయి. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకూ, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కించారు. అభయం మాత్రం పక్షులకు కాక చేపల చెరువుల గట్లకు దొరికింది. 2006లో పొక్లెయిన్లు దించి ఆ గట్లు కొట్టించారు. మట్టి కదా, మళ్ళీ లేచాయి.

2008లో శాసనసభ ఆ అయిదడుగుల హద్దును, అంటే ప్లస్ ఫైవ్ కాంటూరును, ప్లస్ త్రీకి దించమని తీర్మానించింది. తేడా రెండే అడుగులు. వామనుడు మూడడిగాడు, మనవాళ్ళు అల్పసంతోషులు. కాకపోతే అక్కడ నేల బల్లపరుపు. నిలువునా రెండడుగులు దిగితే, అడ్డంగా వేల ఎకరాలు చేతికొస్తాయి. హద్దు కుదించొద్దని కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తేల్చింది. కమిటీ మాటకు ఓట్లు రాలవు. అందుకే ఎన్నికలొచ్చాయంటే ప్లస్ త్రీ వచ్చి వాలుతుంది, వలస పక్షులకన్నా నిక్కచ్చిగా.

ఇదంతా పేదవాడి కోసమేనట! లంక ఊళ్ళలో పేదవాడి పేరుకున్నంత గిరాకీ బొచ్చె, శీలావతి చేపలకు కూడా లేదు. చెరువు అతని పేర, లీజు ఇంకొకరి చేత, లాభం పట్నంలో. వల లాగే కూలి మాత్రం అచ్చంగా అతనిదే. గట్టు కొట్టే రోజున పొక్లెయిన్‌కు అడ్డంగా పడుకోవలసిందీ అతనే. ఆ వేళకు లీజుదారు వకీలు గదిలో కాఫీ తాగుతుంటాడు. పోనీ, అభయారణ్యంలో చిక్కుకున్న జిరాయితీ భూములకు పరిహారం ఇచ్చి చిన్న రైతును ఒడ్డున పడేయండయ్యా అంటే, అందరికీ ఒక్కసారే చెవుడొస్తుంది. అతని గొడవ తీరిపోతే రేపు ఎవరి పేరు చెప్పి బేరమాడాలి?

చెరువుల్లోకి కోడి వ్యర్థాలు పోస్తారు, ఆ మురుగు సరస్సులోకి వదులుతారు. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి పక్కన ఫొటో దిగి, పర్యావరణం బాగుందని చెప్పి వెళ్తారు మంత్రులు.

చిక్కల్లా నీళ్ళతోనే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఏ తీర్మానమూ చదవకుండా కొల్లేటికే వస్తాయి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. గట్ల మధ్య దారి దొరక్క ఊళ్ళ మీద పడితే దానికి ప్రకృతి వైపరీత్యమని పేరు, ఆపైన హెలికాప్టరు, పులిహోర పొట్లాలు. అంతదాకా ఎందుకు? వరదనీరు ప్లస్ త్రీ దాటరాదని ఒక జీవో ఇస్తే సరిపోదా? అసలు ప్రతి బుడమేరుకు, నకలు ఉప్పుటేరుకు.