నాదవైద్యుడు

వరంగల్లు ఆటోనగరములో పానా పట్టువారు వేరు, పానా పట్టకయే రోగము చెప్పువారు వేరు. మొదటి తెగవారి చేతులు నల్లగా నుండును. రెండవ తెగవారి చేతులు మల్లెపూవులవలె నుండి, చెవులు మాత్రము సదా నిక్కపొడుచుకొని యుండును. ఏ షెడ్డు ముందైనను ఒక బండి బానెట్టు లేచుటయే తడవుగా, ఎక్కడినుండియో చేతిలో టీగ్లాసుతో ఆవిర్భవించి, "జర రేసియ్యుండ్రి" అని ఆజ్ఞాపించి, కన్నులు మూసి, తల యొక ప్రక్కకు వాల్చి, కచ్చేరిలో అపస్వరమును పట్టుకొనుటకే ముందు వరుసలో కూర్చున్న రసికునివలె ముఖము పెట్టువారు వీరే. వీరికి జీతము లేదు, షెడ్డు లేదు, బోర్డు లేదు; అయినను వీరి తీర్పు వెలువడక ఏ బండియు ఆ వీధి దాటదు. నేను వీరికి నాదవైద్యులని పేరు పెట్టుకొంటిని.

నాడి చూచు వైద్యునకు వాతము పాము నడకవలెను, పిత్తము కప్ప గంతువలెను, కఫము హంస గమనమువలెను వ్రేళ్లకు తగులునని ఆయుర్వేదము చెప్పును గదా. నాదవైద్యునకును ఇట్టి త్రిదోష సిద్ధాంతమే కలదు: పామువలె ఎడతెగక "గుయ్"మని సాగునది బేరింగు దోషము, కప్పవలె ఆగి యాగి "టక్కు"మని గంతులిడునది క్రాసు దోషము, హంసవలె బండి యెల్ల ఊగినచో టైరు దోషము. దీనిలో బొత్తిగా నిజము లేకపోయినచో మనము నవ్వి ఊరకుండవచ్చును. కొంత నిజ ముండుటచేతనే జేబు ఖాళీ యగుచున్నది. బండి యెడమకు తిరిగినపుడు బరువు కుడివైపు చక్రములపై పడును గనుక, అప్పుడు మ్రోత హెచ్చినచో కుడి బేరింగును శంకించుట న్యాయమే. యాక్సిలరేటరు త్రొక్కి విడిచినప్పుడెల్ల క్రింద "ధన్"మని యొక దెబ్బ వినవచ్చినచో షాఫ్టు కీలైన క్రాసు అరిగిన దనుటయు న్యాయమే. మా ఆటోనగరపు నాదవైద్యునకు ఇవన్నియు కంఠస్థములు. అంతియే కాదు, పొడవైన ప్రహరీగోడ ప్రక్కగా బండిని నడిపించి, అద్దము దించి, గోడ తిప్పికొట్టు ధ్వనిని చెవి నొగ్గి వినుట యనెడి విద్య యొకటి ఆయనకు కలదు. అది నిజముగా పనికివచ్చు విద్య. నేనును దానిని ఆయనయొద్దనే నేర్చితిని.

ఆయన యావదాస్తి ఒక మూరెడు పేచ్‌కస్. దాని మొనను ఇంజనుపై నానించి, కొయ్యపిడిని చెవిలోనికి గ్రుచ్చుకొని నిలుచుండును. ముప్పది యేండ్ల చెవినూనె పట్టి పట్టి ఆ పిడి పూజగదిలోని చందనపు చెక్కవలె నిగనిగలాడుచుండును. దానితో ఆయన ఒక్క మరనైనను విప్పగా చూచినవారు లేరు.

ఇక నా గోడు. ములుగు దారిలో నాకున్న కొలది చెలకకు పోయివచ్చుటకును, రెండేండ్ల కొకసారి మేడారము జాతరకు బంధుకోటిని జంపన్నవాగు ఇసుకలో దించి తెచ్చుటకును నేనొక పాత జీపును పోషించుచున్నాను. నాలుగు చక్రములును లాగుట దాని ఘనత. ఒక శ్రావణమాసములో దానికి వణుకు పట్టుకొన్నది. గంటకు నలువది కిలోమీటర్లు దాటినంతనే కాళ్లక్రింది రేకు జివ్వుమనును. డాషుబోర్డుపై నుంచిన గట్టమ్మ కుంకుమ పొట్లము తనంత తానుగా విడివడి, పసుపును కుంకుమయు కలిసి, నా తెల్లచొక్కాపై అక్షింతలు పడును. యాబదియైదు దాటినచో, ఏమి విచిత్రమో, నా కళ్లజోడులో ఎదుటి లారీ రెండుగా కానవచ్చును.

నాదవైద్యుడు ప్రక్కసీటులో కూర్చుండి, ఆరేపల్లి దాకా పోయి వచ్చి, "గిది బేరింగే సార్. రాసిస్త" అనెను. ముందు చక్రముల బేరింగులు రెండువైపులను మార్పించితిని, వణుకు మారలేదు. "కొత్త బేరింగులు గదా, జర కూసోవాలె" అని వారము రోజులు గడువిచ్చెను. వారము పిమ్మట టైర్లను ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్పించెను. అటుపిమ్మట ఇంజను క్రింది రబ్బర్లు మార్పించెను. ప్రతి పర్యాయమును ఆయన ముఖమున ఓటమి ఛాయయైన లేదు. వైద్యుడు మందు మార్చుచున్నాడే గాని రోగి చచ్చునా యేమి!

ముందువైపు ప్రొపెల్లర్ షాఫ్టును చూడరాదా యని ఒకనాడు నేను భయపడుచు అడిగితిని. ఆయన నన్ను జాలితో చూచెను. "లివరు టూవీల్ల ఉన్నది. ముంగట షాఫ్టుకు పనే లేదు. పనిలేనోడు లొల్లెట్ల జేస్తడు సార్?" అనెను. పనిలేనివాడే లొల్లి చేయుట లోకమంతట కనబడుచుండగా, ఈ తర్కమునకు నేను తలయొగ్గితి ననిన నా తెలివియు అంతంతమాత్రమే యని పాఠకులు గ్రహింతురు గాక.

ఆ మాటకు ఖండనము, జీపు క్రింద వెల్లకిల పండుకొని యున్న పదునేడేండ్ల పిల్లవానినుండి వచ్చినది. వాని ముఖము కనబడుట లేదు. గ్రీసు పూసిన రెండు పాదములు మాత్రమే మాటలాడుచున్నట్లుండెను. "కాకా, గీ బండికి హబ్బు లాకులు లేవు గదనే. ఇంజను తిప్పకున్నా, ముంగటి గాండ్లే షాఫ్టును తిప్పుతయి." నిజమే! చక్రమును ఇరుసునుండి విడదీయు లాకులు లేని పాత జీపులలో, లివరు ఎచ్చటనున్నను, దొర్లుచున్న ముందు చక్రములు షాఫ్టును వెంటబెట్టుకొని తిరుగుచునే యుండును. అదియు చక్రము ఒక్కమారు తిరుగునంతలో షాఫ్టు సుమారు అయిదుమార్లు! పిల్లవాడు ఇంకొక మాటైన చెప్పక బోల్టులు విప్పి, ముందు షాఫ్టును ఊడదీసి గోడకు చేర్చి, "ఇప్పుడు తోలుండ్రి సార్" అనెను. తోలితిని. అరువది వచ్చినను కుంకుమ పొట్లము కదలలేదు. ఉన్నచో వణుకుండుట, లేనిచో వణుకు లేకుండుట! అన్వయ వ్యతిరేకము లని తార్కికులు శతాబ్దములుగా చెప్పుచున్న విషయమును వాడు పది నిమిషములలో ఒక పానాతో నిరూపించెను.

గోడకు చేరబడిన షాఫ్టును చూచినంతనే దోషము బయటపడినది. ఏటవాలుగా కలిసిన రెండు కడ్డీల నడుమ క్రాసు తిరుగునపుడు, మొదటిది సమవేగముతో తిరిగినను, రెండవది ఒక్కొక్క చుట్టులో రెండుమార్లు వడి హెచ్చి, రెండుమార్లు తగ్గును. ఆ తత్తరపాటును రెండవ కొసనున్న క్రాసు సరిదిద్దవలెననిన, షాఫ్టు రెండు కొసలందలి చీలికలును ఒకే తలములో నుండవలెను. నా జీపు షాఫ్టులో ఒక కొస చీలిక నిలువుగాను, రెండవది అడ్డముగాను, అలిగిన ఆలుమగలవలె నున్నవి. ఈ క్రాసు కీలునకు పాశ్చాత్యులు కార్డానో పేరు పెట్టుకొన్నారు. 16వ శతాబ్దపు ఆ ఇటలీ పండితుడు వైద్యుడు, గణితజ్ఞుడు, జ్యోతిష్కుడు. మా నాదవైద్యుడు ఆయనకు గణితము మినహా తక్కిన రెండింట నిజమైన వారసుడు.

పిల్లవాడు బట్టముక్కతో మట్టి తుడిచి, నడిమి జారుకీలుపై ఇరువైపుల చెక్కియున్న రెండు బాణపు గుర్తులను వ్రేలితో చూపెను. అవి ఎదురెదురుగా నుండవలసినవి. ఆషాఢములో గ్రీసు పెట్టుటకు దానిని విడదీసి మరల కూర్చినారనియు, ఆనాడు టీగ్లాసుతో నిలుచుండి "ఎట్లెక్కితే గట్ల ఎక్కియ్యిరా, ఇనుమే గదా" యని అనుజ్ఞ ఇచ్చిన దెవరో కూడ నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆయనవైపు చూచితిని. ఆయన టీగ్లాసువైపు చూచెను.

షాఫ్టు బాణములు కలిపి బిగించిన పిదప, ముగ్గురమును ములుగు దారిని పట్టితిమి. గట్టమ్మ గుడి యొద్ద ఆగి కొబ్బరికాయ కొట్టితిమి. బండి కిక్కురుమనుట లేదు. నాదవైద్యుడు మాత్రము దారి పొడుగునను సుఖముగా కూర్చుండలేదు. అద్దము దించెను, ఎక్కించెను, సీటు క్రిందికి వంగెను, పేచ్‌కస్‌ను తలుపుకు ఆనించి వినెను. తిరుగు ప్రయాణములో మల్లంపల్లి దాటిన పిమ్మట ఆయన ముఖము వికసించినది.

"నేను జెప్పలే సార్? సప్పుడు ఎక్కడికీ పోలే," అనెను, వెనుక సీటువైపు పేచ్‌కస్ మొన చూపుచు. "ఎనుకకు పోయింది."