నడుమ నుండవలయు: ఒక ఆటవెలదికి ‘వాంతినివారిణి’ వ్యాఖ్య

అవతారిక

అమెరికాలో మా అల్లుడుగారికి ఒక స్నేహితుడున్నాడు. ఆయన పదకొండుసార్లు ఓడెక్కాడట. అందుకని అందరూ ఆయన్ని గురువుగారంటారు. నేను ముప్పై రెండేళ్ళు ప్రాచ్య కళాశాలలో కావ్యాలు చెప్పాను. ఓడెక్కలేదు గనక నన్నెవరూ అలా అనలేదు.

పోయిన వేసవిలో పిల్లలు మమ్మల్ని అలాస్కా తిప్పుతామన్నారు. వాంకూవర్‌లో ఎక్కడం, ఏడు రాత్రులు తిరగడం, మళ్ళీ వాంకూవర్‌లోనే దిగడం. సంతోషమే. కానీ ఓడలో బాల్కనీ గది ఎక్కడ తీసుకోవాలన్న దాని మీద మూడు నెలలు సభ నడిచింది. అన్నాల దగ్గర ఓడ పటమే, టీవీలో ఓడ పటమే. వచ్చినవాళ్ళు “బాగున్నారా” అనడం మానేసి “ఏ డెక్కు?” అని అడిగేవారు. గోత్రం అడిగే రోజులు పోయాయని సంబరపడుతుంటే ఇదొచ్చింది. మనం చెప్పింది వాళ్ళ మెప్పుకు తగనిదైతే, “ఫరవాలేదు లెండి, మొదటిసారి కదా” అని ఓదార్పు. తిట్టినా బాగుండేది. ఆ ఓదార్పుకే నాకు ఒళ్ళు మండింది.

చివరికి గురువుగారు వాట్సాప్‌లో నాలుగు ముక్కల తీర్పు పంపారు. అంతటి ఉపదేశం వచనంలో పడి ఉండటం న్యాయం కాదని ఆటవెలదిలో పెట్టాను.

మూలం

నడుమ నుండవలయు నావలో గదియెప్డు
పైన గదులు క్రింద పడకగదులు
పడవ లడ్డురాని పక్కను గైకొన్న
బాల్కనీయె కదర భాగ్యమనఘ

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకుని మన మెదకుసీమ మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు. ఆయన ఒట్టు ఆయనది. నాకు ఆ రెండు పనులూ చెయ్యాలనుంది. ఈ వ్యాఖ్యకు వాంతినివారిణి అని పేరు.

టీక

ఉండవలయు, ఎప్డు, కైకొన్న: వీటికి అర్థం చెప్పను. ఇవి తెలియనివాడికి ఓడెందుకు?

నడుమ: ఓడకు ఊపులు ముఖ్యంగా రెండు. ముక్కు లేచి తోక దిగడం ఒకటి, పక్కలకు ఒరగడం ఒకటి. బళ్ళో ఊగుడుబల్ల తలుచుకోండి. కొసన కూచున్నవాడికి ఆకాశమూ నేలా రెండూ దక్కుతాయి, మధ్యన నిలబడ్డవాడికి ఏదీ దక్కదు, కడుపు మాత్రం దక్కుతుంది. పక్క ఒరుగుడు పైకి పోయినకొద్దీ ఎక్కువ. తాటిచెట్టుకు మొదలు ఊగదు, తల ఊగుతుంది. ఈ ఒరుగుడును అణచడానికి ఓడ కడుపుకు చేపరెక్కల్లాంటివి అమర్చారు. ముక్కు లేవడాన్ని మాత్రం అవి ఆపలేవు. అందువల్ల గది నడుమ ఉండాలి, వీలైనంత కింద ఉండాలి. మరీ ముందుంటే లంగరు గొలుసు జారే చప్పుడు, మరీ వెనకుంటే ప్రొపెల్లర్ల వణుకు.

శాస్త్రమంతా ఇంతే. పల్లెవెలుగు బస్సెక్కే ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది: వెనక చక్రం మీద సీటు వద్దు నాయనా, ఆఖరు వరస అసలే వద్దు. ఆవిడ గుప్పిట్లో వాసన చూసుకోవడానికి ఒక నిమ్మకాయ కూడా ఉంటుంది. ఓడలో దాని బదులు పచ్చ ఆపిల్, అల్లం ఇస్తారు. ఆ ముసలమ్మను ఎవరూ గురువుగారనరు.

గది: ఇక్కడ కొంచెం ఆగాలి. ధారానగరం ఏలిన 11వ శతాబ్దపు భోజరాజు పేరున యుక్తికల్పతరువని ఒక గ్రంథం ఉంది. రాధాకుముద్ ముఖర్జీ 1912లో భారతీయుల ఓడల మీద పుస్తకం రాస్తూ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అందులో గదికి మందిరమని పేరు. గదులు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఓడలు మూడు జాతులు. ఈ కొస నుంచి ఆ కొస దాకా గదులుంటే సర్వమందిర. రాజుగారి ధనం, గుర్రాలు, స్త్రీలు ఇందులో వెళ్ళాలి. (ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ “గుర్రాల తరవాతా?” అంది.) నడుమ మాత్రమే గదులుంటే మధ్యమందిర. ఇది రాజుల విహారానికి, వానాకాలానికి. ముక్కు దగ్గర గదులుంటే అగ్రమందిర. వానలు వెలిశాక దూరప్రయాణాలకూ, యుద్ధానికీ అది. కనుక విహారానికి పోయేవాడు నడుమ ఉండాలి, ముందువైపు గది కత్తి పట్టినవాడిది. గురువుగారు చెప్పిందీ భోజుడు చెప్పిందీ ఒకటే. కాకపోతే భోజుడు డిస్కౌంటు కోడ్ పంపలేదు.

ఆ గ్రంథంలో ఇంకా ఉంది. నాలుగు స్తంభాల ఓడకు తెల్లరంగు, మూడింటికి ఎరుపు, రెండింటికి పసుపు, ఒకటే అయితే నీలం వెయ్యాలట. ముక్కుకు సింహం, ఏనుగు, పులి, పాము, పక్షి, మనిషి, చివరికి కప్ప ముఖం కూడా పెట్టవచ్చు. నీళ్ళలోకి పోయేదానికి కప్పను మించిన ముఖం ఏముంది? ఎవరూ కప్ప ఓడ ఎందుకు కట్టడం లేదో నాకు అర్థం కాదు. మన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద ఉన్నది రెండు స్తంభాల ఓడ. భోజుడి లెక్కన దానికి పసుపు పడాలి. సీసం మీద రంగు కనిపించదు, అందువల్ల ఈ విషయంలో శాతవాహనులను తప్పుపట్టలేం. ఓడ అడుగు పలకలను ఇనుముతో బిగించవద్దనీ, సముద్రంలో అయస్కాంత శిలలు లాగేస్తాయనీ కూడా భోజుడి హెచ్చరిక. మేమెక్కినది ఆసాంతం ఉక్కు. ఏ శిలా దాన్ని లాగలేదు. జనాన్ని లాగినవి అయిదో అంతస్తులోని నగల దుకాణమూ, జూదశాలా.

గాలివానకు ఒడ్డునపడ్డ ఓడల్లోని సరుకంతా రాజులు స్వాధీనం చేసుకునే కాలం ఒకటుండేది. కాకతి గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోనని 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఎగుమతి దిగుమతులకు సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ రాతిస్తంభం బాపట్ల జిల్లాలో ఇప్పటికీ ఉంది, దాని ముందు నిలబడితే నాకు కళ్ళు చెమరుస్తాయి. సముద్రం మీద నమ్ముకుని వచ్చినవాడికి ఒక రాజు ఇచ్చిన మాట అది. ఇప్పుడు ఓడ కంపెనీలు కూడా ఒక అభయం ఇస్తాయి, దానికి గ్యారంటీ గది అని పేరు. ఫలానా తరగతి గది ఖాయం, అది ఎక్కడన్నది వాళ్ళ ఇష్టం. డబ్బు కొంచెం తగ్గుతుంది. గురువుగారి స్మృతిలో గ్యారంటీ గది తీసుకోవడం మహాపాతకాల్లో ఒకటి.

ఎక్కడున్నాం? గది దగ్గర.

పైన గదులు క్రింద పడకగదులు: గది, పడకగది రెండూ ఒకటే కదా, పునరుక్తి దోషం కాదా అని శంక. కాదు, యతి కోసం. అర్థం ఏమంటే నెత్తిమీద ఈతకొలను గాని, కాళ్ళకింద నాటకశాల గాని ఉండకూడదు. కొలను అంతస్తు కింద పడుకుంటే తెల్లవారకుండానే నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. అంత పొద్దున్నే కుర్చీలతో ఏం పని? పనుంది. దిగువ తరగతి గదివాళ్ళూ, పై తరగతి గదివాళ్ళూ సమానంగా అక్కడికి వచ్చి ఎండ పడే కుర్చీ మీద తువ్వాలు వేసి, మళ్ళీ వెళ్ళి పడుకుంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మన జాతికి మాత్రమే పట్టిన దరిద్రమనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఓడలో వదిలేసి వచ్చాను.

పడవ లడ్డురాని: పడవలు, అడ్డు, రాని అని పదవిభాగం. పడవ, లడ్డు, రాని అని విరిచి, ఓడలో లడ్డు పెట్టరు గనక కవి బాధపడుతున్నాడని చెప్పేవాళ్ళున్నారు. (ఆ పాఠం మా ఆవిడది. నిజానికి పెట్టలేదు.) ప్రమాదం వస్తే దిగడానికి ఓడ పక్కల పొడుగునా పడవలు వేలాడదీస్తారు. ఆ వరసలో గది పడితే కిటికీలోంచి సముద్రానికి బదులు పడవ వీపు కనిపిస్తుంది. అలాంటి గది చవక. దాన్ని అడ్డున్న గది అంటారు.

వేళాకోళం కాసేపు పక్కన పెడతాను. ముఖర్జీ పుస్తకం వచ్చిన 1912లోనే టైటానిక్ మునిగింది. రెండువేల రెండువందల మంది దాకా ఉన్న ఓడలో పడవలు ఇరవై. సగం మందికి కాస్త పైచిలుకుగా సరిపోతాయి. పదిహేను వందల మంది పోయాక, ఎక్కినవాళ్ళందరికీ పడవలుండాలని దేశాలు కూచుని రాసుకున్నాయి. అంత చావు చచ్చి సంపాదించిన పడవను ఇవాళ మనం ‘అడ్డు’ అంటున్నాం, ఫొటో చెడగొట్టిందంటున్నాం.

పక్క: పాతకాలపు ఓడకు చుక్కాని తెడ్డు కుడివైపు ఉండేది, అందుకని కుడి స్టార్‌బోర్డ్. ఎడమను లార్‌బోర్డ్ అనేవారు. తుఫానులో అరిస్తే రెండూ ఒకేలా వినిపించి ప్రాణం మీదికి వచ్చేవి. 1844లో బ్రిటిష్ నౌకాదళం ఎడమకు పోర్ట్ అన్న మాటనే ఖాయం చేసింది. మన భాషలో ఇంతకన్నా గట్టి చిక్కుంది. సంస్కృతంలో సవ్యమంటే మొదట ఎడమ. ఎడమచేత్తో కూడా బాణం వేస్తాడు గనకే అర్జునుడు సవ్యసాచి. జందెం ఎడమ భుజాన ఉంటే సవ్యం, కుడికి మారిస్తే అపసవ్యం. అది తెలుగులోకొచ్చి సరిగ్గా అన్న అర్థంలో స్థిరపడింది. ఇంగ్లీషువాడికి కుడి రైటైతే మనకు ఎడమ సవ్యం. ఇద్దరినీ ఒక ఓడెక్కించి “గది సవ్యమైన వైపు తీసుకో” అంటే ఎవరెటు పోతారో చూడాలి.

అలాస్కాకు పోయేటప్పుడు కుడివైపే తీసుకోవాలని గురువుగారి శాసనం. ఉత్తరానికి పోతుంటే నేల తూర్పున, అంటే కుడిచేతి వైపు ఉంటుంది. దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగితే ప్రదక్షిణం గనక, ఇది ఉత్తర అమెరికా ఖండానికి ప్రదక్షిణమని నేను సమర్థించాను. “చూశారా మామయ్యగారూ, మన శాస్త్రాల్లో ఎప్పుడో ఉంది” అని అల్లుడుగారు పొంగిపోయారు. ఎక్కినచోటే దిగే ఓడ కదా, తిరిగి వచ్చేటప్పుడు అదంతా అప్రదక్షిణమవుతుంది కదా అని నేననలేదు. అల్లుణ్ణి అనవసరంగా బాధపెట్టకూడదు. తీరా చూస్తే దారి చాలా భాగం దీవుల మధ్యనుంచే. అటూ నేలే, ఇటూ నేలే. గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగి, మెల్లగా తన చుట్టూ తాను తిరిగింది, రెండు వైపులవాళ్ళూ చూడాలని. ఆ నీలపు మంచుగోడ లోంచి ఒక పెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. ముందు పడటం కనిపించింది, తరవాత దూరపు ఉరుములా చప్పుడొచ్చింది. మా ఆవిడ మంకీ టోపీ చెవుల మీంచి ఎత్తి, “ఏమండీ, మళ్ళీ పడుతుందా?” అంది. మూడు నెలల చర్చలో ఈ ప్రశ్న అడిగినవాడు ఒక్కడూ లేడు.

బాల్కనీ: దీనికి లక్షణం చెప్పడం కష్టం. సముద్రం చూపేది బాల్కనీ అందామంటే, కొన్ని మహానౌకల్లో ఓడ లోపలి తోటవైపు తెరుచుకునే బాల్కనీలున్నాయి. అక్కడ సముద్రం కనిపించదు, ఎదుటి బాల్కనీలో పళ్ళు తోముకునేవాడు కనిపిస్తాడు. కనుక అవ్యాప్తి. మా ఆవిడ తలుపు తీయగానే చెప్పిన లక్షణం వేరు: “బట్టలారేసుకోవచ్చు.” ఓడలో బాల్కనీలో బట్టలు ఆరవేయకూడదని నియమం. మళ్ళీ అవ్యాప్తి. ఉన్నన్ని రోజులూ ఆవిడ దాన్ని వరండా అనే పిలిచింది. రెండు కుర్చీలు, చిన్న బల్ల, ఉప్పు పేరుకున్న అద్దం. వేసవిలో కూడా ఆ చలికి మేం అక్కడ కూర్చున్నది అన్నీ కలిపి మూడు గంటలు.

అనఘ: పాపం లేనివాడా. ఇక్కడ క్రెడిట్ కార్డు బిల్లు ఇంకా రానివాడా అని భావం.

తాత్పర్యం

మా గది తుడిచే అబ్బాయి గోవా వాడు. అయిదో రోజు అద్దం మీది ఉప్పు తుడుస్తుంటే, వ్యాఖ్యాతకు ఉండే దురదకొద్దీ, నీ గదెక్కడ బాబూ అని నా వచ్చీరాని హిందీలో అడిగాను. అట్టడుగున, నీటిమట్టానికి కింద అన్నాడు. ఓడకు సరిగ్గా నడుమట. ఇద్దరికి ఒక గది, కిటికీ లేదు. పైనా కిందా పనివాళ్ళ పడకగదులే. ఊపు తెలుస్తుందా అంటే, “బిల్కుల్ నహీ సాబ్” అని నవ్వాడు. తుడవడం అయ్యాక, గుడ్డ చేతిలోనే పట్టుకుని, ఒక్క నిమిషం ఆ అద్దంలోంచి కొండల్ని చూసి వెళ్ళిపోయాడు.

పద్యం మళ్ళీ చదివాను. నడుమ ఉండవలయు: ఉన్నాడు. పైన గదులు, క్రింద పడకగదులు: ఉన్నాయి. పడవలు అడ్డురావు, కిటికీయే లేదు గనక. గురువుగారి లక్షణాలన్నీ నిండుగా పట్టినవాడు మూడువేల మంది ఎక్కిన ఆ ఓడలో అతనే. నాలుగో పాదం ఒక్కటే అతనికి పొసగడం లేదు.

దాన్ని సమస్యగా రాసి, పూరించమని గురువుగారికి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.