పూడికా, గట్టూ

నరసాపురం దగ్గర మా మావయ్య వాళ్ల ఊళ్లో రామాలయానికి వెబ్‌సైటు పెట్టారు. కట్టిన పాపం నాది. అందులో రాసే పుణ్యం రిటైర్డ్ హెడ్మాస్టరైన మావయ్యది.

ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. "ఒరేయ్ అల్లుడూ, పేజీ పాడైపోయిందిరా."

"ఏం చేశారు మావయ్యా?"

"నేనేం చేశాను? శ్రీరామనవమి కబురు రాసి అతికించాను. అంతే!"

రాజమండ్రిలో కూర్చుని తెరిచి చూద్దును కదా, మొదటి వరుసలో అక్షరాలు కొబ్బరి బొండాలంత, రెండో వరుసలో ఆవగింజలంత. మూడో వరుస పానకం తాగినట్టు ఓ పక్కకి ఒరిగింది. లోపల కోడ్ చూస్తే కబురు నాలుగు వరుసలు, దాని చుట్టూ ట్యాగులు నాలుగు పేజీలు. మావయ్య వర్డ్‌లో రాసి, కాపీ కొట్టి, ఇక్కడ అతికించారు. అక్షరాల్ని పంపమంటే వర్డ్ కావిళ్ల కొద్దీ సారె కూడా పంపింది. ప్రతి పేరాకీ 'ఎంఎస్ఓ నార్మల్' అని ముద్ర. స్పాన్ అనే ట్యాగులో స్పాన్, అందులో ఇంకో స్పాన్, ఆత్రేయపురం పూతరేకు మడతల్లా. విప్పుకుంటూ పోతే లోపల బెల్లమూ లేదు, నెయ్యీ లేదు. ఒక్క కామా ఉంది.

మడత మడతకీ 'గౌతమి' అని రాసుంది. విండోస్ వాళ్ల తెలుగు ఫాంటు పేరది. చెబితే మావయ్యకి పౌరుషం వచ్చింది. "ధవళేశ్వరం దాటాక గౌతమి అటుపోయింది, వసిష్ఠ ఇటొచ్చింది. వసిష్ఠ గట్టున మన గుడికి గౌతమి పేరేంట్రా?"

నిజానికి ఈ జబ్బు మావయ్య ఒక్కరిదే కాదు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌ని లోకానికి చూపించినప్పుడు ఉన్న ట్యాగులు రెండు పదులు కూడా లేవు. ఇది శీర్షిక, ఇది పేరా అని చెప్పడమే వాటి పని. రంగులూ సైజులూ తరవాత వచ్చి పడ్డాయి. ఆ చెత్త ఊడవడానికి 1990ల్లోనే డేవ్ రాగెట్ అనే ఆయన 'టైడీ' అని ఓ ప్రోగ్రాము రాశారు. అందులో వర్డ్ 2000 వదిలే చెత్తకని ప్రత్యేకంగా ఓ సదుపాయమే ఉంది. అంటే ప్రపంచం నిండా మావయ్యలే.

నేనూ వీరావేశంతో 'శుభ్రం చేయి' అని ఓ బటన్ పెట్టాను. నొక్కగానే నాలుగు పేజీల ట్యాగులు మాయం. పేజీ కడిగిన అరుగులా ఉంది. సాయంత్రానికి ఇంకో ఫోను.

"ఆయ్, అబ్బాయిగారూ! నేను పదివేల నూట పదహార్లు ఇచ్చానండి. పక్కింటాయన నూట పదహార్లు. ఇద్దరం ఒకటేనేటండీ?"

చూస్తే దాతల జాబితాలో పెద్ద చందాల వాళ్ల పేర్లు మావయ్య బోల్డ్‌లో పెట్టుకున్నారట. నా బటన్ ఒక్క దెబ్బతో ఊళ్లో సమసమాజం తెచ్చేసింది.

మావయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండును. "కాలువలు కట్టేశాక పూడిక తియ్యమంటే గట్టు కూడా తవ్వేశావురా" అన్నారు.

నాలుగేళ్ల ఇంజనీరింగు చదువులో ఎవరూ చెప్పని పాఠం అది. ఆ రాత్రే కూర్చుని బటన్ మళ్లీ రాశాను. శీర్షిక, పేరా, బోల్డ్, లింకు, జాబితా... ఇవి గట్లు, ముట్టుకోకూడదు. ఫాంటు, సైజు, రంగు, ఉత్త స్పాన్లు... ఇవి గుర్రపు డెక్క, పీకి పారెయ్యాలి. ఆఖరికి బటనే తీసేశాను. అతికించగానే దానంతటదే శుభ్రమవుతుంది. కాలువలో బిందె ముంచుకునే మనిషి చేతికి పార ఇచ్చి, ముందు పూడిక తియ్యవయ్యా అనడం ఏం మర్యాద?

ఆ తరవాతి ఆదివారం మళ్లీ ఫోను. గుండె జారింది.

"పేజీ లక్షణంగా ఉందిరా అల్లుడూ."

"మరేంటి మావయ్యా?"

"ఇవాళ ఒకాయన పాతికవేల నూట పదహార్లు ఇచ్చాడు. బోల్డ్ కన్నా లావుపాటి అక్షరం ఏవన్నా ఉందేంట్రా?"