నేల మీద చేపలు, గాల్లో మేడలు

టీవీలు, ఫోన్లు ఇక మూలకేనట. నేలే తెర అవుతుందట. సిద్దిపేటలో గేమింగ్ పిచ్చి ఉన్న నలుగురు చాయ్ దగ్గర చేరితే రెండో గుటకకే భవిష్యత్తు దిగిపోతుంది. "అన్నా, ఇగ సూడు, మీద ప్రొజెక్టర్, కింద ఆట. కాలు వెడితే మంట లేస్తది, దుంకితే లోయ దాటుతవ్." అన్న తలూపుతాడు. లోయ దాటే వయసు అన్నకు ఎప్పుడో దాటిపోయింది.

ఈ సరుకు కొత్తదేం కాదు. పైనుంచి బొమ్మ పడుతుంది, పక్కనున్న పరారుణ కెమెరా కాళ్ల కదలిక చూస్తుంది, కంప్యూటర్ బొమ్మను మారుస్తుంది. ఇంత విద్యకూ దక్కిన ఫలం చేపల చెరువు. తొక్కితే చేపలు పారిపోతాయి. మన ఊరి కోమటిచెరువులో రాయేసినా అంతే! అమెరికా మాల్స్‌లో ఇలాంటి నేలల మీద ప్రకటనలు ఆడించిన రియాక్ట్రిక్స్ కంపెనీ 2008లో మూతపడింది. చేపలు మాత్రం బతికి మన మాల్స్‌కు వలస వచ్చాయి.

జోస్యాలకు మాత్రం కరువు లేదు. 1986లోనే జపాన్‌లో బాందాయ్ కంపెనీ నింటెండో ఆటలకు కాళ్లతో తొక్కే చాప తెచ్చింది. పరుగుపందెంలో పిల్లలు చాప పక్కన కూర్చుని చేతులతో దబదబా బాది గెలిచారు. ఇక 2010లో ఒంటి కదలికలు పసిగట్టే మైక్రోసాఫ్ట్ కెమెరా కైనెక్ట్ వచ్చినప్పుడు మన ఒళ్లే రిమోట్ అన్నారు. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్మిన మైక్రోసాఫ్టే 2017లో దాని తయారీ ఆపేసింది. నడుమ 2013లో ఇల్యూమిరూమ్, 2014లో రూమ్‌అలైవ్ అంటూ ప్రొజెక్టర్లతో గది గదంతా ఆటగా మార్చి చూపించింది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆ రెండూ ఈనాటికీ దుకాణం గడప తొక్కలేదు.

సరే, సిద్దిపేటలో ఓ ఇంట్లో పెట్టి చూద్దాం. పది అడుగుల కప్పు నుంచి మామూలు ప్రొజెక్టర్ వేసే బొమ్మ వెడల్పు ఆరేడు అడుగులు. అందులో లోయ, మంట, రాక్షసుడు, ఇద్దరు పిల్లలు. పిల్లవాడు నడుమకు రాగానే వాడి తల నీడ రాక్షసుణ్ణి మింగేస్తుంది. రాక్షస సంహారం ఇంత సులువని మన పురాణాలకు తెలియదు. కింద షాబాద్ బండలైతే వెలుతురును తాగేస్తాయి, నిగనిగలాడే టైల్స్ అయితే కళ్లలోకి కొడతాయి. కాబట్టి తెల్లటి చాప పరవాలి. అంటే మళ్లీ 1986 చాప దగ్గరికే వచ్చాం, ఈసారి కప్పుకు వేలాడే ఖర్చుతో సహా.

బయట ఆడదామంటే సూర్యుడు ఒప్పుకోడు. ఎండలో నేల మీద లక్ష లక్సుల దాకా వెలుతురు ఉంటుంది. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ ఆరు చదరపు మీటర్ల మీద ఇచ్చేది 500 లక్సులు. అదే ఎండలో సుద్దముక్కతో గీసిన అష్టచెమ్మ గళ్లు చక్కగా కనిపిస్తాయి. పాత ఆటలన్నీ బంగారమని నా వాదన కాదు, తొక్కుడుబిళ్లలో కూడా తొండి మస్తుగా ఉండేది. కానీ అక్కడ గీత తొక్కితే ఔట్. ఇక్కడ ఎక్కడ తొక్కినా చప్పట్లే. ఓడిపోవడమే లేని ఆట పిల్లవాణ్ణి ఎంతసేపు పట్టి ఉంచుతుంది? జోస్యులంతా దీపాన్నే చూస్తారు, ఆట సంగతి ఎవరికీ పట్టదు.

ఇంకా పై మెట్టు ఊహ ఒకటుంది: బతుకమ్మకు కోమటిచెరువు కట్ట మీద నేలంతా పూలు ప్రొజెక్ట్ చేస్తే, అడుగడుగుకూ తంగేడు విచ్చుకుంటే! పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఊళ్లో, నడుమ నిలిపి చుట్టూ తిరిగే బతుకమ్మను కాళ్ల కింద పరుస్తారట. ఈ ముక్క ముందుగా ఇంట్లో అమ్మమ్మకు చెప్పి చూడండి.

ఇంతా విన్నాక కూడా కొంటామంటే, అమ్మేవాణ్ణి పగలు పన్నెండింటికి రమ్మనండి. కిటికీలు తెరవండి. ఇద్దరు పిల్లల్ని వదలండి. అరగంటయ్యాక చేపల మీద ఎందరున్నారో, మూలన ఫోన్ మీద ఎందరున్నారో లెక్కపెట్టి, బేరం అప్పుడు మొదలుపెట్టండి.