పక్కకు జరగమన్నాను

2020 ఏప్రిల్‌లో హైదరాబాదంతా సంబరంగా తిరిగాను. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ నిజం. కరోనా వల్ల మార్చి 22 జనతా కర్ఫ్యూతో మూతపడ్డ ఊరు మళ్లీ తెరుచుకోలేదు. మెడలో పత్రిక పాసు ఉంది కనుక నన్నెవరూ ఆపలేదు. ఇన్నేళ్లూ ఆటోల మధ్యా, తోపుడుబండ్ల మధ్యా ముక్కలుగా కనబడిన పత్తర్‌గట్టి రాతి కమాన్లు చివరిదాకా వరసగా కనబడుతుంటే ఒళ్లు పులకరించింది. జనం లేకపోతేనే ఊరు అందంగా ఉంటుందని మనసారా నమ్మాను.

ఒక తెల్లవారుజామున చార్‌కమాన్ దాటి, చార్మినార్ వైపుకు నేల మట్టాన కెమెరా పెట్టాను. ఫ్రేములో ఒకామె రోడ్డు ఊడుస్తోంది. రేడియం జాకెట్టు, ముక్కుకు అడ్డంగా చుట్టుకున్న కొంగు. "కొంచెం పక్కకు జరుగమ్మా, ఫొటో తీసుకోవాలి" అన్నాను. ఆమె నన్ను చూసింది, రోడ్డును చూసింది. "ఊడ్వకముందే తీస్తవా సారూ? జెర ఆగు" అంది. పావురాలకు చల్లిన జొన్నలు, ఈకలు, రెట్టలు గబగబా ఊడ్చి కుప్పను బండికెత్తింది. ఆ బండిని కూడా లాక్కుని నా వెనకున్న కమాను చాటుకు వెళ్లిపోయింది. "ఇగ తియ్!" అని అక్కణ్నుంచే కేకేసింది.

రోడ్డు అద్దంలా ఉందని ఆ ఫొటోను అందరూ మెచ్చుకున్నారు. 'నిర్మానుష్య నగరం' అని శీర్షిక పెట్టి, కింద నా పేరు వేశారు. నిర్మానుష్యమట! పిలిస్తే పలికే దూరంలో మనిషి ఉంది. ఆ శుభ్రమంతా ఆమె చేతిదే.

ఇలాంటి ఖాళీ వీధి ఫొటో పాతదొకటుంది. 1838లో, ఫొటోగ్రఫీ తొలినాళ్లలో, డాగ్యూర్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లో ఒక పైఅంతస్తు కిటికీలోంచి బులెవార్ డ్యు టాంప్ల్ వీధిని ఫొటో తీశాడు. రద్దీగా ఉండే వీధే. కానీ అప్పటి ప్లేటుకు నిమిషాల తరబడి వెలుతురు తగలాలి, అందుకని కదిలే బళ్లూ మనుషులూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డవాడు మాత్రం మిగిలాడు. ఫొటోకెక్కిన మొదటి మనిషి అతనేనంటారు. కెమెరా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు ఈ కథ ఎంత ఇష్టంగా చెప్పేవాణ్నో! డాగ్యూర్‌కు పరికరమే అడ్డం. నా చేతిలో ఉన్నది సెకనులో 500వ వంతులో మనిషిని పట్టేసే కెమెరా. ఆ ఖాళీ నేను కావాలని చేసింది.

మేడ్చల్ దగ్గర ఇంతకన్నా ఘోరం చేశాను. ఎన్‌హెచ్ 44 మీద నాగపూర్ దారి పట్టి వలస కూలీలు సొంతూళ్లకు నడిచిపోతున్నారు. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు, చేతిలో నీళ్ల డబ్బా. నేనేమో ఖాళీ రోడ్డు తిన్నగా పడాలని, వాళ్లు దాటిపోయేదాకా కాచుకుని కూర్చున్నాను. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో వలస కూలీల మొదటి శ్రామిక్ రైలు కదిలిందని చదివినప్పుడు, ఫైళ్లన్నీ తెరిచి వాళ్లలాంటి ముఖం ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. ఒకదాంట్లో మాత్రం, క్రాప్‌లో కోసేసిన ఎడమ అంచున, ఒక పిల్లాడి కాలూ హవాయి చెప్పూ దొరికాయి. ఇప్పుడెవరైనా లాక్‌డౌన్ ఫొటోలు అడిగితే అంచు కొయ్యకుండా దాన్నే పంపిస్తున్నాను. చార్మినార్‌దే కావాలంటే, ముందు ఆ రోడ్డు ఊడ్చినామె సంగతి రాసి పంపిస్తున్నాను.